దంపుడు బండి

నన్ను బొమ్మ అంటే నాకు ఒళ్ళు మండుతుంది. నేను ఒక బండిని, పని చేసే బండిని. ముందు రెండు చక్రాలు, వెనక ఒకటి, ముందు చక్రాల మధ్య ఇరుసు, పైన పలక, పలక మధ్యలో వేలెడంత రోలు, రోలుకి అటొకతె ఇటొకతె రోకళ్ళు పట్టుకుని నిలబడ్డ ఆడవాళ్ళు, లాగడానికి ఒక తాడు. లాగితే నా ఆడవాళ్ళు దంచుతారు, ఆపితే ఆగుతారు. ఇంత చెప్పిన మాట వినేవాళ్ళని మీరెక్కడా చూసి ఉండరు. దంపుడు బండి అంటారు నన్ను. ఇప్పుడు వసారాలో లేతు మిషను పైన గూట్లో కూర్చుని ఉన్నాను. వారానికోసారి దుమ్ము తుడుస్తారు కూడా. నా కథ చెబుతాను, వినండి. మధ్యలో భయమేస్తే నన్ననకండి. నాకూ వేసింది.

నన్ను చేసినవాడు గౌరునాయుడు. ఏటి ఒడ్డున లక్క బొమ్మలు చేసే ఊరు మాది. ఊళ్ళో సగం ఇళ్ళల్లో మిషను గుర్రుమంటూనే ఉంటుంది. అంకుడు కర్రని మిషనుకి బిగించి తిప్పుతూ ఉలి ఆనిస్తే రూపం వస్తుంది. అది తిరుగుతుండగానే లక్క కడ్డీ ఆనిస్తే ఆ రాపిడి వేడికి కరిగి రంగు పట్టేస్తుంది. ఆ పైన మొగలి రేకుతో రుద్దితే అందులో మొహం చూసుకోవచ్చు. గౌరునాయుడి చేతిలో భరిణెలు, బొంగరాలు, గిలక్కాయలు అవలీలగా పుట్టేవి. కదిలే బొమ్మ మాత్రం అతను ఎప్పుడూ చెయ్యలేదు.

ఆ శ్రావణంలో పట్నం నుంచి ఒక మేడం వచ్చింది. పిల్లల బొమ్మల కొట్టు ఆవిడది. "లాగుతుంటే ఏదో ఒక పని చెయ్యాలండీ. ఊరికే దొర్లితే పిల్లలకి పది నిమిషాల్లో మొహం మొత్తుతుంది. మేకు ఒక్కటి కూడా ఉండకూడదు, అన్నీ నోట్లో పెట్టుకుంటారు. పది రోజుల్లో మళ్ళీ వస్తాను, ఒక మోడల్ చేసి ఉంచండి," అని చెప్పి కారెక్కింది. పది రోజులంటే ఆవిడకేం, తేలిక. నోటితో చెప్పడమేగా.

గౌరునాయుడు బొగ్గు ముక్క తీసుకుని గచ్చు మీద గీశాడు, చెరిపాడు, మళ్ళీ గీశాడు. ఇరుసుకి ఒక వెదురు చీల ఉండాలి. ఇరుసు తిరిగినప్పుడల్లా ఆ చీల వెళ్ళి ఆడమనిషి చేతి వెనకున్న తోకని నొక్కాలి. తోక కిందకి వెళితే రోకలి పైకి లేవాలి. చీల దాటిపోగానే రోకలి దభీమని పడాలి. గచ్చు మీద బ్రహ్మాండంగా ఉంది. తీరా చేస్తే రోకలి లేచింది, పడలేదు. ఎవరినో కొట్టడానికి సిద్ధంగా ఉన్నట్టు ఆవిడ అలాగే నిలబడిపోయింది. బరువు చాల్లేదని రోకలి చివర లావు చేశాడు. అప్పుడు పడింది. రెండో ఆవిడని కూడా పెట్టేసరికి ఇద్దరూ ఒకేసారి ఎత్తి ఒకేసారి దించారు. రెండు రోకళ్ళూ రోట్లో ఢీకొని ఒకటి పుటుక్కున విరిగింది.

అప్పుడు వంటింటి గుమ్మంలోంచి ఒక నవ్వు వినిపించింది. అది గౌరునాయుడి పెళ్ళాం దేముడమ్మ నవ్వు. ఆ నవ్వు విని గౌరునాయుడు ఉలిక్కిపడి తలెత్తాడు. రెండేళ్ళుగా ఆ ఇంట్లో ఆవిడ నవ్వలేదట.

"ఏటి మావా అది? దంపుడంటే ఒకలెత్తితే ఒకలు దించాల. మీ మగోలికేటి తెల్సు!" అంటూ వచ్చి పక్కన కూర్చుంది. పిడికిలితో గచ్చు మీద కొట్టి చూపించింది. టక్, టక్, టక్, టక్. "ఇలగ. తప్పిందంటే ఏలు నుగ్గయిపోద్ది."

గౌరునాయుడు రెండో చీలని ఇరుసుకి సరిగ్గా అవతలి పక్కకి మార్చాడు. ఒకతె ఎత్తింది, ఒకతె దించింది. దేముడమ్మ పిడికిలికీ నా రోకళ్ళకీ రవ్వంత తేడా లేదు. నా ఒడ్డూ పొడుగూ ఆయన ఇచ్చినవి. నా లయ మాత్రం ఆవిడ పెట్టింది.

ఇక చక్రాలు. వచ్చిన చిక్కంతా ఇక్కడే వచ్చింది. బయట ముసురు. చక్రానికి సరిపడా లావు కర్ర ఎండింది ఇంట్లో ఒక్కటీ లేదు. పచ్చి అంకుడుతో చేస్తే వారం తిరక్కుండా నెర్రె ఇస్తుంది. మేడం వచ్చేది ఎల్లుండి. గౌరునాయుడు అటకకేసి చూశాడు, తల దించుకున్నాడు, మళ్ళీ చూశాడు. దేముడమ్మ బట్టలు తీసుకుని రేవుకి వెళ్ళిన సమయం చూసి, అటక మీద నుంచి ఒక పాత నడక బండి దించాడు. పిల్లలు పట్టుకుని తోసుకుంటూ నడక నేర్చుకునే మూడు చక్రాల బండి.

అది పుణ్యవతిది. వాళ్ళ పెద్ద కూతురు. పుట్టుకతోనే కుడికాలు సన్నం. ఆ బండి పట్టుకుని మూడో ఏట లేచి నిలబడింది, ఐదో ఏడు వచ్చినా దాన్ని వదల్లేదు. ఎడమ కాలు టక్కున వేసి కుడికాలు జర్రున ఈడ్చేది. ఈడ్చినప్పుడల్లా కుడి చక్రం తిరక్కుండా జారేది. జారి జారి ఒక పక్క అరిగి పలకబారింది. రెండేళ్ళ కిందట, మూడు రోజుల జ్వరంలో ఆ పిల్ల పోయింది. బండి అటకెక్కింది.

నాకు పెట్టడానికి ఆ బండి చక్రాలు ఊడదీసి, అరిగినదాన్ని మిషనుకి బిగించి, గుండ్రం చెయ్యడానికి ఉలి పట్టుకున్నాడు గౌరునాయుడు. పనివాడన్నవాడు చెయ్యాల్సింది అదే. చెయ్యి రాలేదు. ఆ అరుగుదల అతని కూతురి నడక. దాన్ని పొట్టు కింద చెక్కి ఊడ్చి పారెయ్యమంటే ఏ తండ్రి పారేస్తాడు? ఉలి పక్కన పెట్టి, అరిగిన చోట లక్క మీద లక్క పట్టించి పూడ్చేశాడు. జాఫ్రా గింజల ఎరుపు వేసి, మొగలి రేకుతో నిగనిగలాడించాడు. లక్క పూస్తే ఎంత వంకరైనా గుండ్రంగానే కనిపిస్తుంది. కానీ లక్క చూడ్డానికే తప్ప బరువు మొయ్యడానికి కాదు. ఆ సంగతి మా ఊళ్ళో పసిపిల్లని అడిగినా చెబుతుంది. అతనికీ తెలుసు. పెళ్ళానికి మాత్రం చెప్పలేదు.

మేడం వచ్చింది. నన్ను వసారా అంతా లాగింది. టక్, టక్, టక్, టక్. చప్పట్లు కొట్టి, ఇలాంటివి నలభై కావాలంది. "దీన్ని మీ దగ్గరే ఉంచుకుని చూసి చెయ్యండి," అని వెళ్ళింది. ఆ నలభైమందీ ఎండిన కర్రతో, తిన్నని చక్రాలతో పుట్టి ఊళ్ళు పట్టుకుపోయారు. వాళ్ళకి ఏ కథా లేదు, అదృష్టవంతులు. నేను ఇంట్లో ఉండిపోయి పెంటి పాలబడ్డాను.

పెంటి వాళ్ళ రెండో కూతురు. అప్పటికి ఏడాది దాటి రెండు నెలలు. ఒక బిడ్డ పోయాక పుట్టిన బిడ్డని ఓసారి పెంట మీద పడుకోబెట్టి, పెంటమ్మ అని పేరు పెడతారు ఇక్కడ. అంత పాడు పేరున్నదాన్ని చావు కూడా ముట్టుకోదని మనుషుల నమ్మకం. చావుకి అంత శుచీ శుభ్రం ఉన్నాయని వీళ్ళకి ఎవరు చెప్పారో! పోయిన బిడ్డ ఊసు మాత్రం కొత్త బిడ్డ ముందు ఎత్తకూడదు. అందుకని ఆ ఇంట్లో పుణ్యవతి అని ఒక పిల్ల ఉండేదని పెంటికి ఎవరూ చెప్పలేదు.

మొదటి వారం బాగానే గడిచింది. దేముడమ్మ తాడు పట్టుకుని పెరట్లో లాగేది, పెంటి కేరింతలు కొడుతూ నా వెనక పాకేది. ఎనిమిదో రోజు, మిట్టమధ్యాహ్నం. వాన వెలిసి ఎండ చుర్రుమంటోంది. కాకి కూడా అరవడం లేదు. నా కుడి చక్రానికున్న లక్క పెచ్చు ఊడి పడింది. టక్... జర్రు. టక్... జర్రు.

దేముడమ్మ కొయ్యబారిపోయింది. వెనక్కి తిరిగి చూడలేదు. చాలాసేపు చూడలేదు. తర్వాత నన్ను లాగుతూ ఒక అడుగు వేసింది. టక్, జర్రు. ఇంకో అడుగు. మొహం ఇటు తిప్పకుండానే పెరడంతా తిరిగింది. తిరిగి చూస్తే ఎక్కడ ఆగిపోతుందో అని ఆమె భయం. అరుగు దగ్గర పెంటి ఆకలికి గుక్కపట్టి ఏడుస్తోంది. ఆమెకి వినపడలేదు.

ఆ రోజు నుంచి అదే వరస. గౌరునాయుడు అన్నం తిని కునుకు తీసే వేళకి ఆమె నన్ను పెరట్లోకి తీసుకెళ్ళేది.

ఇప్పుడు చెప్పబోయేది నమ్మితే నమ్మండి, లేకపోతే మానండి. నేను లాగుడు బండిని. ముందు నుంచి తాడు లాగితే కదలడం ఒక్కటే నాకు తెలిసిన విద్య. అలాంటిది ఆ మధ్యాహ్నాల్లో నా వీపు మీద బరువు తెలిసేది. రెండు చిన్న అరచేతులు ఆనించి ఎవరో వెనక నుంచి తోస్తున్నట్టు. నేల వాటం అయివుంటుందిలే అని సర్దిచెప్పుకున్నాను. మా పెరడు ఏటి వైపుకి వాటం. నేను కదిలింది ఎగువకి, ఇంటి వైపుకి.

ఒక రోజు దేముడమ్మ కూడా చూసింది. ఆమె పెరటి గుమ్మం దగ్గర నిలబడి ఉంది. తాడు ఆమె చేతిలోంచి వదులుగా జారి నేల మీద మెలికలు పడి ఉంది. నేను మాత్రం ఆమె వైపుకి వస్తున్నాను. టక్, జర్రు. టక్, జర్రు. నా ఆడవాళ్ళిద్దరూ తలొంచుకుని దంచుతున్నారు. ఆమె పాదానికి తగిలి ఆగాను.

"వచ్చీసినావా అమ్మా," అంది దేముడమ్మ. ఒళ్ళంతా చెమటలు. నవ్వుతోంది. నాకు గుండె లేదు కాబట్టి సరిపోయింది, ఉంటే ఆ క్షణాన ఆగిపోయేది.

దసరా వెళ్ళాక పెంటి లేచి నడిచింది. గోడ పట్టుకుని కాదు, నా తాడు పట్టుకుని నడిచింది. చూసి చప్పట్లు కొడదామంటే నాకు చేతులు లేవు, ఉన్నవాళ్ళకి చేతులు రాలేదు. పెంటి ఎడమ కాలు టక్కున వేసి కుడికాలు జర్రున ఈడ్చింది. రెండు కాళ్ళూ దివ్యంగా ఉన్న పిల్ల! రోజూ విన్న చప్పుడే పిల్లకి పట్టుబడిందని అనుకోవచ్చు. నేనూ అలాగే అనుకున్నాను. కానీ నడుస్తూ నడుస్తూ కుడి పక్కకి ఒరిగి, కింది పెదవి కొరుక్కుంది. అది చూసి గౌరునాయుడి చేతిలోని ఉలి కిందపడింది. పుణ్యవతి అలాగే కొరుక్కునేదని అతని మొహం చూస్తే నాకు తెలిసిపోయింది.

నెల రోజులైనా ఆ నడక మారలేదు. అతను పెంటిని భుజాన వేసుకుని పట్నం వెళ్ళాడు. తిరిగొచ్చి వసారాలో కూలబడి, డాక్టరు చెప్పింది చెప్పాడు. కాలికి ఏ లోపమూ లేదు. కానీ ఇలాగే ఈడుస్తూ పోతే ఆ కాలు బలం తగ్గి నిజంగానే సన్నబడిపోతుంది, ఇప్పుడే మాన్పించాలి. దేముడమ్మ విన్నది. లోపలికెళ్ళింది.

"పెంటీ, ఇలా రాయే," అని పిలిచాడు గౌరునాయుడు. పెంటి మట్టిలో ఆడుకుంటోంది, తల తిప్పలేదు. "పెంటీ! ఓ పెంటమ్మా!" ఊహూఁ. గోడతో చెప్పినట్టే ఉంది.

లోపల నుంచి దేముడమ్మ మెల్లిగా, "పుణ్యం," అంది.

పిల్ల చటుక్కున లేచింది. కాలు ఈడ్చుకుంటూ, పెదవి కొరుక్కుంటూ లోపలికి వెళ్ళిపోయింది. ఆ పిలుపు ఇంట్లో ఎన్నాళ్ళ నుంచి నడుస్తోందో గౌరునాయుడికి అప్పుడు అర్థమైంది. నాకు ముందే తెలుసు. చెప్పే నోరు ఉంటేగా.

అతను నన్ను చంకన పెట్టుకుని వంటింట్లోకి వెళ్ళాడు.

"దీని సక్రాలు నడక బండివే. నీకు సెప్పకుండా తీసినాను. తప్పు నాది."

"నాకు తెల్దేటి? పెచ్చూడిన రోజే తెల్సు. నా కూతురు గుంట అడుగు నానెరగనా?"

"ఇప్పుడే మిషనెక్కించి గుండ్రంగా గీసేస్తాను."

దేముడమ్మ వచ్చి నన్ను అతని చంకలోంచి లాక్కుంది. "గీస్తే నా గుంట ఇంక నడవదు మావా."

"గీయకపోతే ఈ గుంట నడవదే!" అన్నాడు గౌరునాయుడు. మధ్యలో పెంటి ఇద్దరినీ చూసి నవ్వుతోంది. ఆ మొహాన ఆ నవ్వు పెంటిదేనా అని చూస్తే నాకు తేలలేదు. ఆ రోజంతా దేముడమ్మ నన్ను ఒళ్ళో పెట్టుకునే కూర్చుంది. నన్ను ఎవరికీ ఇవ్వలేదు.

మర్నాడు పొద్దున్న పెంటికి తలంటు. దేముడమ్మ పెరట్లో పీట వేసుకుని, కాళ్ళు చాపి, వాటి మీద పిల్లని బోర్లా పడుకోబెట్టుకుంది. పక్కనే నన్ను పెట్టుకుంది. గోరువెచ్చని నూనె రాసి ఎడమ పిక్క నలిచింది. కుడి పిక్క పట్టుకుంది. చెయ్యి ఆగింది. మళ్ళీ ఎడమది పట్టుకుంది, మళ్ళీ కుడిది. చూస్తే తెలిసేంత తేడా ఏమీ లేదు. కానీ ఆ చేతులు ఐదేళ్ళపాటు రోజూ ఒక సన్నకాలికి నూనె రాసిన చేతులు. వాటిని మభ్యపెట్టడం ఎవరి తరమూ కాదు. కుడిది ఒక నూలుపోగంత సన్నబడింది.

"ఓలమ్మో!" అంది దేముడమ్మ. నేను అంతవరకూ మనుషుల ఏడుపులు చాలానే విన్నాను. అలాంటిది వినలేదు.

నూనె ఓడుతున్న పిల్లని ఎత్తుకెళ్ళి గౌరునాయుడి చేతుల్లో పెట్టి, వెనక్కి వచ్చి నా తాడు అందుకుంది. పెరడు చుట్టూ ఒకే ఒక్కసారి లాగింది. ఈసారి వెనక్కి తిరిగి, నా వైపే చూస్తూ, వెనకడుగులు వేస్తూ లాగింది. టక్, జర్రు. టక్, జర్రు. నా వీపు మీద బరువు అంత గట్టిగా ఎప్పుడూ పడలేదు. దేముడమ్మ చూస్తున్నది మాత్రం నన్ను కాదు, నా వెనక మూరెడు ఎత్తున ఎవరినో.

వసారా మెట్టు దగ్గర ఆగి, చతికిలబడి, చేతులు చాపింది. "ఇంక దిగిపోమ్మా పుణ్యం. నీకు నొప్పని తెల్సు. నీ మీద కోపం నేదు. సెల్లి కాలు సెల్లికిచ్చీమ్మా."

గాలి లేదు. ఆకు కదల్లేదు. నా వీపు మీద బరువు కాసేపు అలాగే ఉంది. తర్వాత ఒక చెయ్యి తీసినట్టు, ఆపైన రెండో చెయ్యి తీసినట్టు, తేలికైపోయాను.

గౌరునాయుడు చక్రాన్ని మిషనుకి బిగించాడు. ఉలి ఆనింది. మొదట ఎర్ర లక్క రాలింది, తర్వాత పాత కర్ర తెల్లటి పొట్టు రాలింది. చక్రం కాస్త చిన్నదైంది, దానికి జోడుగా రెండోదీ చిన్నది చేశాడు. నొప్పేసిందా అని మీరు అడుగుతారేమో. నొప్పి లేదు. దిగులేసింది. దేముడమ్మ ఆ పొట్టంతా కొంగులోకి ఎత్తుకుని రేవుకి వెళ్ళింది. ఉత్త చేతులతో తిరిగి వచ్చింది.

ఇక నా నడక టక్, టక్, టక్, టక్. పెంటికి అది నచ్చలేదు. నన్ను తోసేసి కింద కూర్చుంది. నాలుగు రోజులు అసలు లేవలేదు, పాకింది. పుణ్యం అని పిలిస్తే తప్ప పలకలేదు. ఆ పేరు పిలవకుండా ఉండడానికి దేముడమ్మ నోట్లో కొంగు కుక్కుకునేది. "పెంటీ, పెంటీ," అని రోజుకి వందసార్లు పిలిచేది. గౌరునాయుడు మిషను కట్టేసి పిల్ల ఎదురుగా గొంతుక్కూర్చునేవాడు. అయిదో రోజున పెంటి తనంతట తానే లేచింది. తడబడింది, పడింది, లేచింది. ఎడమ, కుడి, ఎడమ, కుడి. రెండు పాదాలూ నిండుగా నేలకి ఆనాయి. నన్ను తీసుకెళ్ళి గూట్లో పెట్టేశారు. మంచిదే అయింది.

ఏడాది దాటాక, మొన్న మాఘంలో, పొద్దున్న పూట. దేముడమ్మ వసారా గుమ్మంలో చేట పెట్టుకుని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. పెంటి ఏటి వైపు నుంచి పెరట్లోకి వచ్చింది. చక్కగా, తిన్నగా, గంతులేసుకుంటూ వచ్చింది. సగం పెరడు దాటి ఉన్నట్టుండి ఆగింది. వెనక్కి తిరిగి నిలబడింది.

"ఏటే పెంటీ, ఆగిపోనావు? రాయే," అంది దేముడమ్మ.

"అప్ప," అంది పెంటి. "అప్ప రావాల."

ఆ ఇంట్లో ఆ పిల్లకి అప్ప, అంటే అక్క, ఉందని ఎవరూ చెప్పలేదు. అప్ప అనే మాట కూడా పిల్ల ముందు ఎవరూ అనలేదు, ఆ సంగతి నాకు బాగా తెలుసు. దేముడమ్మ వేళ్ళు బియ్యంలోనే ఆగిపోయాయి. పెరడంతా కలయజూసింది. గూట్లోంచి నేనూ చూశాను. ఎండ, ఆరేసిన బట్టలు, అంతే.

పెంటి నిలబడే ఉంది. కాసేపయ్యాక మొహం విప్పారింది. కుడి చెయ్యి కాస్త పక్కకి చాపి, గుప్పిట మూసింది. అప్పుడు నడిచింది. రెండు కాళ్ళూ తిన్నగానే పడుతున్నాయి. కానీ గంతుల్లేవు. ఒక అడుగు వేసి ఆగుతోంది, ఇంకో అడుగు వేసి ఆగుతోంది, పక్కనున్నవాళ్ళు అందుకునేదాకా.

అలా గుమ్మం దాకా వచ్చింది. దేముడమ్మ చేట పక్కన పెట్టి లేచింది. గుమ్మానికి ఒక పక్కగా ఒదిగి నిలబడి, ఇద్దరు పట్టేంత దారి వదిలింది.